ఓదెలు లైట్లార్పాలా?

కాజీపేట నుంచి బల్లార్షా దాక
ముప్పై ఒక్క ఏండ్లు గూడ్సు నడిపిన.
పట్టాల పక్కన పసుపు పలక కనవడితే చాలు
చెయ్యి దానంతటదే హారన్ మీదికి పోయేది.
ఎదురుంగ మేకలున్నా, మంచున్నా, ఉత్త గాలున్నా
వస్తున్న, వస్తున్న అని
చెప్పుకుంటనే వచ్చిన.

రిటైరయినంక ఆకాశం నడుపుతున్న.
నా నవలల హీరో ఓదెలు, వాని నౌక చింతపిక్క.
నల్లగ, నున్నగ, కొరికితే పన్ను విరిగేటంత మొండి.
పదకొండో అధ్యాయం:
శని వలయాల అవతల శత్రువుల కాపలా గోపురం.
ఓదెలు ఒక మీట నొక్కుతడు.
ఇగ రాడార్ల చింతపిక్క లేదు
వేడి లేదు, మెరుపు లేదు,
నక్షత్రాల మీద దాని నీడ గూడ లేదు.
రాస్తుంటెనే నాకు ఒళ్లు జల్లుమన్నది.

హన్మకొండ చౌరస్తాల, జిరాక్సు మిషను ఎనుక
టైపు చేసే స్వరూప ఆడ ఆగింది.
"సార్, ఈయన హీరోనేనా?"
"హీరోనే."
"మరి లైట్లెందుకార్పిండు?"

యుద్ధం బిడ్డా, అన్న.
పులి గడ్డిల పండుకోదా,
మిడత ఆకురంగు పూసుకోదా,
గెలువాల్నంటే తప్పుతదా, అన్న.
ఆమె పేజీ సేవు చేసింది.
ఇద్దరికి చాయ్ చెప్పింది.
గలాసు సగమైనంక అన్నది:

"మాది తాడ్వాయి దిక్కు. నాకప్పుడు ఆరేండ్లు.
నంబరు లేని జీపు లైట్లార్పుకొని వచ్చేది.
అడివిల నుంచి వచ్చెటోళ్లు గూడ
టార్చి వెయ్యకుంటనే వచ్చేది.
ఎవలు ఎవలో మాకు తెల్వకపోయేది
కుక్కలకు తెలిసేది.
అందుకే ఒకనాడు
ఊర్లె కుక్కలుండొద్దన్నరు.
ఎవలన్నరో అడుగకుండ్రి.
మా నాయిన మా రాజుగానికి
ఇంత పెరుగన్నం పెట్టి వాగుకాడికి తోల్కపోయిండు.
అటెంక ఊరు మస్తు నిమ్మలమైంది సార్.
వచ్చినోళ్లు మంచోళ్లే కావచ్చు.
నడిరాత్రి తలుపు కదిలితే
మంచోని చెయ్యో కాదో ఎట్ల తెలుస్తది?"

ఆ రాత్రి నిద్ర రాలే.
స్టేషన్ దిక్కు నుంచి ఏదో బండి కూత.
అరె, నాకు జవాబు దొరికిందనుకున్న.
తెల్లారి షట్టరు తీయకముందే పోయి నిలబడ్డ.
"మరి నిన్ను మీ అమ్మ దాసిపెట్టలేదా?"
"పెట్టింది. వడ్ల గుమ్మిల, నోట్ల కొంగు కుక్కి."
"అది తప్పా?"
ఆమె తాళం తిప్పుకుంట, నా మొకం చూడకుంట,
"అది దాగుడు సార్.
ఇది దాగి వచ్చుడు."

సరే అనుకున్న. మార్చి రాసిన.
ఓదెలు గోపురం ముంగట లైటేసిండు,
నేనొస్తున్న అని సీటీ కొట్టిండు.
మూడో పేరాల సచ్చిండు.
ఇంకో తీరుగ రాసిన, మళ్ల సచ్చిండు.
గోపురం గురి తప్పదు,
ఆ గురి రాసింది నేనే గద.
గోపురం ఎనుక చంద్రుని మీద
మందుల్లేక నాలుగు వందల మంది పిల్లలు,
వాళ్లను గూడ నేనే రాసిన.
ఏ పలక పెట్టాలె వాళ్ల తొవ్వ పక్కన?

వారం దినాలు కలం ముట్టలే.
ఆఖరికి నౌకల ఒక కుక్కను ఎక్కించిన.
లోకో షెడ్డు కాడ బొగ్గుల పొర్లేటి ఊరకుక్క,
ఒక చెవు తెగింది.
పేరు ఏం పెట్టిన్నో చెప్పనక్కర లేదు.

ఓదెలు వేలు మీట మీద ఉన్నది.
కుక్క వాని దిక్కే చూస్తున్నది.
శూన్యంల చప్పుడు పోదని
నాకు తెల్వక కాదు.
అయినా ఆఖరి లైను గట్లనే రాసిన:
కుక్క మొరిగింది.

ప్రూఫు చేతికొచ్చింది.
నేను ఒక్కసారే రాసిన మాట
ఆమె రెండుసార్లు కొట్టింది.
మొరిగింది. మొరిగింది.
ఎర్రపెన్ను మూత పెట్టిన.
దిద్దలేదు.